బోరు నీళ్లలో అమెజాన్ స్వోర్డ్: కొత్త ఆకులు పాలిపోతున్నాయి, ఏం చేయాలి?

వనజ_అనంతపురం

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఇంట్లో రెండున్నర అడుగుల ట్యాంకు ఉంది. వెడల్పు అడుగు, ఎత్తు అడుగుంపావు. గప్పీలు, మోలీలు అనే చేపలు పెంచుతున్నాను. దీపావళి అయిన తర్వాత బెంగళూరు నుంచి ఒక అమెజాన్ స్వోర్డ్ మొక్క తెప్పించి నాటాను. వచ్చినప్పుడున్న ఆకులు కొన్ని మెత్తబడి కుళ్లిపోయాయి. అది మామూలేనని షాపాయన చెప్పాడు. ఆ తర్వాత లోపలి నుంచి కొత్త ఆకులు వచ్చాయి, నాకు భలే సంతోషమేసింది. కానీ ఆ కొత్త ఆకులే ఇప్పుడు పసుపు తిరిగి తెల్లగా పాలిపోతున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అడుగున ఉన్న పెద్ద ఆకులకు ఏమీ కాలేదు.

నీళ్లు మా బోరువి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో) మీటర్ 900 చూపిస్తుంది, పీహెచ్ 8.2. లైటు 20 వాట్ల ఎల్ఈడీ, రోజుకు 10 గంటలు వేస్తాను. అడుగున రెండంగుళాల మందాన తెల్ల మార్బుల్ చిప్స్ ఉన్నాయి. షాపులో ఇచ్చిన ద్రవ ఎరువు వారం వారం వేస్తూనే ఉన్నా తేడా లేదు. ఈ మొక్కను ఎట్లయినా బతికించుకోవాలని ఉంది. ఏం చేయాలో చెప్పండి.

సందీప్_గ్లాసుతొట్టి, కర్నూలు

అక్కా, ముందు ఆ బోరు నీళ్లు ఆపేయండి. 900 టీడీఎస్‌లో అమెజాన్ మొక్క ఏం బతుకుతుంది? మొత్తం ఆర్ఓ నీళ్లకు మారండి. పంచదార, ఈస్ట్ వేసి రెండు లీటర్ల సీసాతో కార్బన్ డయాక్సైడ్ పెట్టండి. లైటు కూడా 40 వాట్లకు పెంచండి. వారంలో తేడా కనిపిస్తుంది.

చీనీతోట_తాడిపత్రి

వనజమ్మా, నాకు అక్వేరియాల గురించి తెలిసింది తక్కువ. మా పిల్లోడికి ఒక చిన్న తొట్టి ఉంది, అంతే. కానీ మీరు చెప్పిన లక్షణం మాకు బాగా తెలుసు. కొత్త ఆకు పాలిపోవడం, ఈనెలు పచ్చగా ఉండటం, ముదురాకు బాగుండటం ఇనుము లోపం. సుద్ద నేలల్లో వేరుశనగకు ఇదే వస్తుంది, చీనీ (బత్తాయి) చెట్లకూ వస్తుంది. చేనంతా దూరం నుంచి తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు మేము లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తాం.

మట్టిలో ఇనుము లేక కాదు. మన ఎర్రమట్టికి ఆ రంగు వచ్చిందే ఇనుము వల్ల. సున్నం ఎక్కువైతే ఉన్న ఇనుము మొక్కకు అందదు. మీ తొట్టిలోనూ అదే జరుగుతుందని నా అనుమానం. నీళ్లలో సున్నం, అడుగున మార్బుల్ చిప్స్ అంటే అదీ సున్నమే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. చేలో కొట్టినట్టు అన్నభేది తీసుకెళ్లి తొట్టిలో పోయొద్దు. మాది ఆకు మీద కొట్టే మందు. నీళ్లలో చేపలుంటాయి, అక్కడ లెక్క వేరే. తెలిసినవాళ్లు చెబుతారు, ఆగండి.

వనజ_అనంతపురం

అన్నా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరిపోయింది. మా నాన్న వేరుశనగ వేసేటప్పుడు ఆ తెల్లబడిన చేలు నేనూ చూశాను. ట్యాంకులో మొక్కకూ అదే జబ్బు అని తోచలేదు. మరి నేను వేస్తున్న ద్రవ ఎరువు సీసా మీద ఇనుము అని రాసి ఉంది కదా. అది ఎందుకు పనిచేయడం లేదు?

రమణసార్_కడప

దీనికి జవాబు కెమిస్ట్రీలో ఉంది. కాలేజీలో చాలాకాలం చెప్పిన పాఠమే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఇనుము నీళ్లలో కరిగి ఉండాలంటే ఫెర్రస్ రూపంలో ఉండాలి. గాలి తగిలే నీళ్లలో, అందులోనూ పీహెచ్ 8 దాటిన నీళ్లలో, అది చాలా త్వరగా ఫెర్రిక్‌గా మారి తుప్పులా అడుక్కి దిగిపోతుంది. తుప్పును మొక్క పీల్చుకోలేదు. అందుకే ఎరువుల కంపెనీలు ఇనుమును చీలేట్ అనే పదార్థంతో పట్టి ఉంచుతాయి. అయితే అన్ని చీలేట్లూ ఒకటి కావు. ఎక్కువగా దొరికే ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే ఇనుము మీద పట్టు కోల్పోతుంది. డీటీపీఏ రకం 7.5 దాకా నిలుస్తుంది. 8.2లో నిలబడేది ఈడీడీహెచ్ఏ రకం. మీ సీసా వెనక చిన్న అక్షరాల్లో చూడండి. బహుశా ఈడీటీఏ అని ఉంటుంది. అదే అయితే మీరు వేసిన ఇనుములో ఎక్కువ భాగం మొక్కకు అందకముందే చిప్స్ మధ్యకు చేరి ఉంటుంది.

చీనీ తోటల వాళ్లు వాడే ఈడీడీహెచ్ఏ పొడి మన ఎరువుల దుకాణాల్లోనే దొరుకుతుంది. సాధారణంగా అందులో ఇనుము 6 శాతం. ట్యాంకు లెక్క ఇది: 2.5 × 1 × 1.25 అడుగులు అంటే సుమారు 88 లీటర్లు. రాళ్లు, పైన ఖాళీ తీసేస్తే 75 లీటర్లు అనుకుందాం. లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఇనుము సరిపోతుంది. అంటే మొత్తం 7.5 మిల్లీగ్రాములు. దానికి కావలసిన పొడి 125 మిల్లీగ్రాములు. అంత చిన్న తూకం ఇంట్లో వేయలేరు కాబట్టి 1.7 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి పెట్టుకోండి. అందులో నుంచి 7.5 మిల్లీలీటర్లు సిరంజితో తీసి వారానికోసారి పోస్తే చాలు. నీళ్లు కాస్త ఎర్రగా కనిపిస్తాయి, కంగారుపడొద్దు. సీసాను వెలుతురు తగలని చోట పెట్టండి.

సందీప్_గ్లాసుతొట్టి, కర్నూలు

సార్, ఇంత లెక్కలు ఎందుకు? ఎరువుల దుకాణంలోనే అన్ని సూక్ష్మ పోషకాలూ కలిసిన ప్యాకెట్ దొరుకుతుంది కదా. దాంతోపాటు కాస్త డీఏపీ వేస్తే భాస్వరం, నత్రజని కూడా వచ్చేస్తాయి.

రమణసార్_కడప

వద్దు నాయనా. ఇది చదివి ఎవరైనా వేస్తారేమోనని భయంతో వెంటనే రాస్తున్నాను.

డీఏపీలో, యూరియాలో ఉన్న నత్రజని నీళ్లలోకి వచ్చేసరికి అమ్మోనియం అవుతుంది. పీహెచ్ 7 కంటే తక్కువ ఉన్న నీళ్లలో అది దాదాపు అంతా అమ్మోనియంగానే ఉంటుంది, చేపకు పెద్దగా హాని లేదు. పీహెచ్ 8 దాటి, నీళ్లు కూడా వెచ్చగా ఉంటే అందులో కొంత భాగం అమ్మోనియాగా మారుతుంది. అది చేప మొప్పలను కాల్చేస్తుంది. మన బోరు నీళ్లకు, మన ఎండలకు ఆ రెండూ ఉన్నాయి. చిటికెడు డీఏపీతో రాత్రికి రాత్రి ట్యాంకు ఖాళీ కావచ్చు. సూక్ష్మ పోషకాల ప్యాకెట్‌లో రాగి, జింకు చేను కోసం లెక్క వేసినంత ఉంటాయి. రొయ్యలు, నత్తలు ఉన్న ట్యాంకులో రాగి విషమే.

చేపలకు వేసే మేత, అవి విసర్జించేది, ఈ రెండింటి నుంచే మొక్కకు నత్రజని, భాస్వరం చాలావరకు వస్తాయి. గప్పీలు, మోలీలు నిండుగా ఉన్న ట్యాంకులో వాటి కొరత సాధారణంగా రాదు.

చీనీతోట_తాడిపత్రి

సార్ మాటకు నా ఓటు కూడా. చేనికి వేసేది చేనికే.

బురుజు_కర్నూలు

ఆలస్యంగా చూశాను. అందరూ మంచి విషయాలు చెప్పారు. నా అభిప్రాయం కాస్త వేరే, అందుకే పొడవుగా రాస్తున్నా.

వనజ గారూ, మీ చేపలు గప్పీలు, మోలీలు. ఆ రెండూ గట్టి నీళ్లను, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లను, కోరుకునే చేపలు. మోలీలు మెత్తటి నీళ్లలో నీరసించి, ఒళ్లు ఊపుతూ ఒకేచోట ఉండిపోతాయి. మొక్క కోసం మొత్తం ఆర్ఓ నీళ్లకు మారితే మొక్క బాగుపడుతుందేమో గానీ చేపలు దెబ్బతింటాయి. పైగా ఉత్త ఆర్ఓ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. అప్పుడు మొక్కకే మరో లోపం వస్తుంది. కాబట్టి బోరు నీళ్లను శత్రువుగా చూడటం మానేద్దాం. సీమలో ఉన్నాం, మన నీళ్లు ఇవి. వీటిలో ఏం బాగా పెరుగుతుందో చూసుకోవడం, పెరగనిదానికి వేరు దగ్గరే తిండి పెట్టడం, ఈ రెండూ చేస్తే చాలు.

అమెజాన్ స్వోర్డ్ అదృష్టవశాత్తూ గట్టి నీళ్లను తట్టుకునే మొక్కే. దానికి కావలసిందల్లా వేళ్ల దగ్గర బలం. అది ఆకుల కన్నా వేళ్లతో ఎక్కువ తినే మొక్క. మార్బుల్ చిప్స్‌లో ఏముంది తినడానికి? మీరు పైన ఎంత ద్రవ ఎరువు పోసినా వేరు మాత్రం పస్తులుంటుంది.

నేనైతే ఇలా చేస్తాను. ఆరంగుళాల మట్టి కుండీ ఒకటి తీసుకోండి, రంగు వేయనిది. గుట్ట పక్క నుంచి ఎర్రమట్టి తెచ్చుకోండి. పొలం మట్టి వద్దు, అందులో ఎరువులు, కలుపు మందులు ఉంటాయి. మట్టిని జల్లెడ పట్టి, బకెట్‌లో నానబెట్టి, పైన తేలిన చెత్త పారబోసి, రెండు మూడు సార్లు అలా కడగండి. ఆ బురదను కుండీలో సగం దాకా నింపి, మొక్కను నాటి, పైన ఒకటిన్నర అంగుళం మందాన కడిగిన ఏటి ఇసుక వేయండి. మొక్క మొదలు, అంటే ఆకులన్నీ కలిసే చోటు, ఇసుకలో కూరుకుపోకూడదు. ఆ తర్వాత కుండీని నెమ్మదిగా ట్యాంకులోకి దించండి. చిప్స్‌ను పక్కకు జరిపి కుండీని కొంచెం లోపలికి కూర్చోబెడితే చూడటానికీ బాగుంటుంది.

మట్టి లోపల గాలి ఆడదు కాబట్టి అక్కడ ఇనుము మళ్లీ ఫెర్రస్‌గా మారి వేళ్లకు అందుతుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. పైన నీళ్ల పీహెచ్ 8.2 ఉన్నా మట్టి లోపల అంత ఉండదు. మీ దగ్గర దొరికే ఎర్రమట్టే దీనికి మందు. కర్నూలు వైపు మా నల్లరేగడి మాత్రం పనికిరాదు. ఉబ్బుతుంది, నీళ్లను మసకగా చేస్తుంది, పైగా అందులో సుద్ద గడ్డలు ఉంటాయి.

కుండీ ఇబ్బంది అనుకుంటే అదే మట్టిని గోలీలంత ఉండలు చేసి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, చిప్స్ లోపలికి వేళ్ల పక్కన నెట్టండి. త్వరగా నెట్టాలి, లేదంటే కరిగి నీళ్లు ఎర్రబారతాయి.

లైటు పెంచొద్దు. 10 గంటలే ఎక్కువ. 7 గంటలకు తగ్గించండి. తిండి లేని మొక్కకు వెలుతురు ఎక్కువైతే పెరిగేది నాచే. ఈస్ట్ సీసా కూడా ఇప్పుడు వద్దు. ఎండాకాలంలో అది ఒక్కసారిగా పొంగి గ్యాస్ అంతా రెండు రోజుల్లో వదిలేస్తుంది, తర్వాత ఏమీ రాదు. ఆ హెచ్చుతగ్గులకు నాచు ఇంకా పెరుగుతుంది.

సందీప్_గ్లాసుతొట్టి, కర్నూలు

అన్నా, చేపల సంగతి నేను ఆలోచించలేదు, సరే. కానీ సగం బోరు, సగం ఆర్ఓ కలిపితే తప్పేముంది? నా ట్యాంకులో టెట్రా చేపలు ఉన్నాయి, నాకు అట్లనే బాగా నడుస్తోంది.

బురుజు_కర్నూలు

తప్పేమీ లేదు తమ్ముడూ. టెట్రాలకు అదే సరైన పద్ధతి. టీడీఎస్ 900 ఉన్న బోరు నీళ్లూ 50 ఉన్న ఆర్ఓ నీళ్లూ సగం సగం కలిపితే 475 వస్తుంది. రెండు వంతులు ఆర్ఓ, ఒక వంతు బోరు అయితే 330 ప్రాంతం. ఒక్కసారిగా మార్చకుండా వారానికి పావు వంతు చొప్పున మార్చుకుంటూ పోవాలి. ఒకటే గుర్తుంచుకో, టీడీఎస్ అంటే గట్టితనం కాదు. మీటరు అన్ని లవణాలనూ కలిపి చూపిస్తుంది. సబ్బు నురగ రాకపోవడం, గీజర్‌లో తెల్ల పెచ్చు కట్టడం, ఇవి గట్టి నీళ్లకు గుర్తు. అపార్ట్‌మెంట్లలో ఉప్పు వేసే సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లు ట్యాంకుకు వాడొద్దు. కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది. మొక్కలకు అది ఏ రకంగానూ మేలు కాదు.

సుబ్బు_కడప

ఈ చర్చ చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చింది. నేను కొత్త ట్యాంకులో వెనకవైపు అంతా నాపరాయి ముక్కలు మెట్లు మెట్లుగా పేర్చాను. నల్లగా చాలా అందంగా ఉంది. మధ్యలో జావా ఫెర్న్, అనూబియాస్ మొక్కలు కట్టాను. అది కూడా సున్నపు రాయేనా?

రమణసార్_కడప

అవును సుబ్బూ. మన కడప రాయి, బేతంచర్ల రాయి, తాడిపత్రిలో పాలిష్ చేసే నల్ల బండ, అన్నీ సున్నపు రాళ్లే. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది అందుకే. ఒక ముక్కను పొడిగా తుడిచి, గోటితో గీకినంత చోట వెనిగర్ చుక్క వేయండి. సన్నని బుడగలు వస్తాయి. బాత్రూం యాసిడ్‌తో అయితే బుస్సున పొంగుతుంది. కానీ దాన్ని ఇంట్లో పిల్లలున్న చోట ముట్టుకోవద్దు, వెనిగర్ చాలు.

అయితే భయపడాల్సినంత లేదు. పీహెచ్ 8 దగ్గర ఉన్న మన నీళ్లలో ఆ రాయి కరిగేది చాలా నెమ్మదిగా. నీళ్లు ఇప్పటికే సున్నంతో నిండి ఉంటాయి కాబట్టి అది ఇంకా కలిపేది తక్కువ. మెత్తని నీళ్ల చేపల కోసం ఆర్ఓ నీళ్లు పోసినప్పుడే ఈ రాయి పనంతా చెడగొడుతుంది. మీరు ఏ నీళ్లు వాడుతున్నారు?

సుబ్బు_కడప

కొళాయి నీళ్లు సార్. చేపలు ప్లాటీలు.

బురుజు_కర్నూలు

ప్లాటీలైతే నిశ్చింతగా ఉంచుకో. అనూబియాస్, జావా ఫెర్న్ కూడా గట్టి నీళ్లకు బెదరవు. ఆ రెండింటికీ అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది కదా, దాన్ని మాత్రం ఇసుకలో పాతొద్దు, కుళ్లిపోతుంది. నువ్వు రాయికి కట్టావు కాబట్టి సరిపోయింది. జావా ఫెర్న్ ముదురాకుల కింద నల్ల మచ్చలు వస్తే జబ్బు అనుకోకు. అవి బీజాంశాలు. ఆకు చివర చిన్న పిల్ల మొక్కలు కూడా వస్తాయి, వేళ్లు వచ్చాక తుంచి ఇంకో రాయికి కట్టుకోవచ్చు.

కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో రాత్రంతా గాలి తగిలేలా ఉంచి వాడు, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యి.

ఎప్పుడైనా రాళ్లు మార్చాలనిపిస్తే గ్రానైట్ ముక్కలో, పలుగు రాళ్లో పెట్టుకో. అవి నీళ్లలో ఏమీ కలపవు.

కేసీకాలువ_కర్నూలు

నేను షాపు మొక్కలే కొనను. కాలువలో నీళ్లు ఉన్నప్పుడు హైడ్రిల్లా, వలిస్నేరియా అనే నీటి మొక్కలు తెచ్చి వేస్తాను. మన నీళ్లలో పుట్టినవి కాబట్టి మన నీళ్లకే అలవాటు. ఏ ఎరువూ అక్కర్లేదు. వలిస్నేరియా ఒక్క మొక్క వేస్తే పక్కకు తీగలు పంపి ట్యాంకు వెనకభాగం అంతా పచ్చని రిబ్బన్ల తెర కట్టేస్తుంది.

రమణసార్_కడప

దానికి శాస్త్రీయ కారణం ఉంది. చాలా మొక్కలకు నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ మాత్రమే పనికొస్తుంది. పీహెచ్ 8 దాటితే అది అతి తక్కువ. వలిస్నేరియా, హైడ్రిల్లా మాత్రం బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు. గట్టి నీళ్లలో బైకార్బొనేట్‌కు కొదవ లేదు. ఆ పని చేసేటప్పుడు ఆకు మీద సున్నం పేరుకుని తెల్లటి గరుకు పొరగా కనిపిస్తుంది. అది జబ్బు కాదు.

బురుజు_కర్నూలు

కాలువ మొక్కల గురించి రెండు జాగ్రత్తలు. తూనీగ పిల్లలు ఆ మొక్కల్లో దాక్కుని వస్తాయి. నీళ్లలో ఉండే ఆ పురుగు గప్పీ పిల్లలను పట్టి తినేస్తుంది. నత్త గుడ్లు, జలగలు కూడా రావచ్చు. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో 10 నిమిషాలు ముంచి, కడిగి, వారం రోజులు వేరే బకెట్‌లో ఉంచి చూసుకుని వేయండి. పురుగు మందులు కొట్టిన మళ్ల నీళ్లు కలిసే పిల్ల కాలువల్లో నుంచి అసలు తేవద్దు.

రెండోది, వలిస్నేరియా ఉన్న ట్యాంకులో లిక్విడ్ కార్బన్ అని అమ్మే ద్రవం వేయొద్దు. ఆకులు కరిగిపోతాయి. అందులో ఉండేది గ్లుటరాల్డిహైడ్, క్రిములను చంపే మందు. వలిస్నేరియా దాన్ని తట్టుకోలేదు.

కేసీకాలువ_కర్నూలు

ఇంకో మాట కలుపుతాను. ట్యాంకులో ఎక్కువైన మొక్కలను దయచేసి కాలువలోనో, చెరువులోనో పారేయకండి. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన మొక్కే. ఈరోజు ఏ చెరువు చూసినా అదే. మన దగ్గర మామూలుగా ఉండే హైడ్రిల్లా 1950ల్లో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి అక్కడి చెరువులను కప్పేసింది. అమెజాన్ స్వోర్డ్ ముక్కలైనా సరే, ఎండబెట్టి తులసి కుండీలో ఎరువుగా వేయండి.

వనజ_అనంతపురం

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. సీసా మీద చూశాను, ఈడీటీఏ అనే ఉంది. కుండీ పద్ధతి చేశాను. మొక్కను తీసేటప్పుడు వేళ్లు చూస్తే కురచగా, గోధుమ రంగులో ఉన్నాయి. చెడినవి కత్తిరించి ఎర్రమట్టిలో నాటాను. ఈడీడీహెచ్ఏ పొడి ఎరువుల దుకాణంలో దొరికింది, సార్ చెప్పిన లెక్కలోనే పోస్తున్నాను. లైటుకు టైమర్ పెట్టి 7 గంటలు చేశాను.

పాలిపోయిన ఆకులు అట్లనే ఉన్నాయి, తిరిగి పచ్చబడలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన రెండు ఆకులూ నిండు పచ్చగా ఉన్నాయి. పాలిపోయిన వాటిని తీసేయాలా? ఇంకో విషయం, అడుగున ఒక ముదురాకులో సూదితో గుచ్చినట్టు చిన్న రంధ్రాలు కనిపిస్తున్నాయి. చేపలు కొరికాయా?

బురుజు_కర్నూలు

చాలా సంతోషం వనజ గారూ. ఇనుము మొక్కలో ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు కదలదు, అందుకే పాత నష్టం పూడదు. కొత్త ఆకులను చూసే మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలి. పాలిపోయినవాటిని ఒకేసారి తీయొద్దు. ఇంకో నాలుగైదు మంచి ఆకులు వచ్చాక ఒక్కొక్కటే మొదలుదాకా కత్తిరించండి.

సూది రంధ్రాలు ముదురాకులో వచ్చి, చుట్టూ పసుపు అంచు ఉంటే అది పొటాషియం లోపం. పొటాషియం మొక్కలో కదులుతుంది, కొత్త ఆకు కోసం పాత ఆకు నుంచి లాక్కుంటుంది. అందుకే ముదురాకు ముందు చెడుతుంది. కొత్త ఆకులు వేగంగా వస్తున్నాయంటే ఈ లోపం బయటపడటం సహజం. పొటాషియం సల్ఫేట్ ఎరువుల దుకాణంలోనే దొరుకుతుంది. సుమారు 45 శాతం పొటాషియం. మీ 75 లీటర్లకు 5 పీపీఎం (లీటరుకు 5 మిల్లీగ్రాములు) కావాలంటే 375 మిల్లీగ్రాముల పొటాషియం, దానికి ముప్పావు గ్రాము కంటే కాస్త ఎక్కువ పొడి. వారానికి ఒకసారి. అమ్మోనియా ఏమీ రాదు, భయం లేదు.

సుబ్బు_కడప

అందరికీ ఒక ప్రశ్న. ఏప్రిల్, మే వస్తే మా ఇంట్లో ట్యాంకు నీళ్లు 33 డిగ్రీలు దాటుతాయి. మొక్కలకు ఏమవుతుంది? ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ల సీసాలు వేస్తే సరిపోతుందా?

రమణసార్_కడప

సీసాలు వద్దు. మధ్యాహ్నం చల్లబడి రాత్రికి మళ్లీ వేడెక్కితే చేపకూ మొక్కకూ ఆ ఊగిసలాటే ఎక్కువ హాని. ట్యాంకు మూత తీసి, నీటి పైభాగం మీదుగా చిన్న ఫ్యాను తిప్పండి. మన వైపు ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు బాగా ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. కోస్తా వాళ్లకు ఈ సౌకర్యం ఇంత లేదు.

కానీ ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. రోజుకు 2 లీటర్లు ఆవిరై, ఆ లోటును 900 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లతో పూడిస్తే రోజుకు 1.8 గ్రాముల లవణాలు కొత్తగా చేరతాయి. నెలకు 54 గ్రాములు. 75 లీటర్ల ట్యాంకులో లెక్క ప్రకారం టీడీఎస్ ఇంకో 700 పెరిగినట్టు. వేసవి చివరికి మొక్కలు ఎందుకు నీరసిస్తున్నాయో చాలామందికి అర్థం కాదు. వేడి ఒక్కటే కాదు, ఇదీ ఒక కారణం. అందుకని ఆవిరైన లోటును ఆర్ఓ నీళ్లతోనే పూడ్చండి. వారం వారం నీళ్లు మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్లు వాడండి.

ఇంకొకటి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా కరిగితే 32 దగ్గర 7.3 మాత్రమే. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి కాబట్టి దట్టంగా మొక్కలున్న ట్యాంకులో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తాయి. రాత్రి ఎయిర్ పంపు తప్పకుండా ఆన్‌లో ఉండాలి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

సందీప్_గ్లాసుతొట్టి, కర్నూలు

సార్, ఈ ఆవిరి లెక్క నాకు చాలా ఉపయోగం. నేను లోటు కూడా బోరు నీళ్లతోనే పూడుస్తున్నా, ఈరోజు నుంచి ఆర్ఓ పోస్తాను.

వనజ_అనంతపురం

నాకు వెనకవైపు వలిస్నేరియా కావాలి. కేసీకాలువ అన్నా, కర్నూలు నుంచి అనంతపురానికి మొక్కలు బతికి చేరతాయా? ఎట్లా పంపాలి?

కేసీకాలువ_కర్నూలు

చేరతాయమ్మా. ఎండలు ముదరకముందే పంపాలి. ఇప్పుడు నా బకెట్‌లో ఉన్నవి పర్మాంగనేట్‌లో ముంచి కడిగినవే. వేళ్లకు తడిపిన న్యూస్‌పేపర్ చుట్టి, ఆకుల మీద నీళ్లు చల్లి, ప్లాస్టిక్ కవర్లో కొంచెం గాలి ఉంచి కట్టాలి. నీళ్లు నింపి పంపితే కుళ్లిపోతాయి. ఆకులు మడత పడితే అక్కడే కరుగుతాయి, అందుకే పొడవాటి అట్టపెట్టె వాడతాను. తెల్లవారుజామున బస్సుకు పార్శిల్ వేస్తే ఎండెక్కేలోపు మీకు అందుతుంది.

వచ్చాక నాటేటప్పుడు మొదలు దగ్గర తెల్లటి భాగం ఇసుక పైకి కనిపించాలి. ఆకులు పొడవుగా ఉంటే కొసలు కత్తిరించవద్దు, కత్తిరించిన చోటి నుంచి గోధుమ రంగు తిరుగుతుంది. మొదటి వారం రెండు మూడు ఆకులు కరుగుతాయి. తీసేసి ఊరుకోండి, తీగ పక్కకు పాకడం మొదలుపెట్టేదాకా మొక్కను పీకి చూడొద్దు. అడ్రస్ మెసేజ్‌లో పంపండి, ఇక్కడ రాయకండి.